అన్నీ పీకేయమన్న రోగి, మిగిల్చిన రెండు కోరపళ్ళు

ఇక్కడ చెప్పబోయే చిగుళ్ళ వ్యాధి మా ప్రాంతపు దంతవైద్యులకు కొత్తది కాదు. నలభై దాటిన స్త్రీ, ఊగుతున్న పళ్ళు, వాచిన చిగుళ్ళు, ఏళ్ళ తరబడి వాయిదా పడిన వైద్యం, చివరికి "అన్నీ పీకేసి సెట్టు పెట్టేయండి మేడం" అన్న కోరిక మేము తరచుగా చూసేవే (సెట్టు అంటే కట్టుడు పళ్ళు). ఆ కోరికను ఉన్నది ఉన్నట్టుగా తీర్చడమే మంచిదనిపించే సందర్భాలు కూడా చాలా ఉంటాయి. ఈ కేసులో రెండు పళ్ళను మిగల్చడం వల్ల ఒక మనిషి తిండి, పని, నలుగురిలో మసలే తీరు ఎంతవరకు మారాయో దగ్గరగా గమనించే వీలు కలిగింది కనుక, ఏ నిర్ణయాన్ని ఏ కారణంతో తీసుకున్నామో వివరంగా రాస్తున్నాను. రోగి అనుమతి తీసుకున్నాను. ఆమెను గుర్తుపట్టడానికి వీలిచ్చే ఊరు, కుటుంబ వివరాలు, చికిత్స జరిగిన కాలం వంటివి వదిలేశాను, కొన్నింటిని మార్చాను.

నేపథ్యం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దున ఉన్న మెట్ట ఊళ్ళ నుంచి మా దగ్గరికి వచ్చే స్త్రీలలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు, లేదా ఉన్న రెండు మూడెకరాల్లో పని చేసుకుంటూ మిగిలిన రోజుల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. పొగాకు సీజను మొదలైతే ఆకు కొట్టడం, కర్రలకు అల్లడం, ఆకును కాల్చి ఆరబెట్టే బ్యారన్ దగ్గరి పనులు, ఆ తరువాత గ్రేడింగ్ అంటూ ఎండలు ముదిరేదాకా వరసగా పని ఉంటుంది. ఆ నెలల్లో ఒక రోజు ఆసుపత్రికి వస్తే ఆ రోజు కూలి పోవడంతో సరిపోదు, ముఠాలో తన చోటు మరొకరికి పోతుందన్న భయం కూడా ఉంటుంది. అందువల్ల పంటి నొప్పిని లవంగంతోనో, ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్ళలతోనో, దవడన పెట్టుకున్న పొగాకు కాడతోనో నెట్టుకొస్తారు. ఇక ఓర్చుకోలేనప్పుడు ఒకే రాకడలో తేలిపోయే వైద్యాన్ని అడుగుతారు. ఆ వైద్యం పన్ను పీకడమే. ఇలా ఏడాదికొకటి, రెండేళ్ళకొకటి చొప్పున యాభై ఏళ్ళు నిండేసరికి నోట్లో నమిలే పళ్ళు లేని స్థితికి చేరుకుంటారు.

ఈ ప్రాంతానికి ఫ్లోరైడ్ చరిత్ర ఒకటి ఉంది. షార్ట్, ఆయన సహచరులు 1937లో ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) గురించి ప్రచురించిన పరిశోధనలు అప్పటి నెల్లూరు జిల్లాకు సంబంధించినవి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చనీ, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అంతకు మించిన బోరు నీళ్ళు తాగి పెరిగిన తరం పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు, గుంటలు స్పష్టంగా కనిపిస్తాయి. దీనివల్ల చికిత్సకు ఒక అడ్డంకి ఏర్పడింది. ఊగే పన్నుకైనా, రక్తం కారే చిగురుకైనా, పిప్పి పన్నుకైనా "మా నీళ్ళే అంత" అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. పళ్ళ మీద ఫ్లోరోసిస్ మచ్చలు ఏర్పడేది పళ్ళు దవడ ఎముకలో తయారయ్యే చిన్నతనంలోనే, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపే. నలభై ఏళ్ళకు చిగుళ్ళు వదులై పళ్ళు ఊగడానికి పాచి, గార, పొగాకు, మధుమేహం ప్రధాన కారణాలు. వాటికి వైద్యం ఉంది. తప్పంతా నీళ్ళదేనని నమ్మినవారికి మాత్రం వైద్యం ఉందన్న ఆలోచనే రాదు.

స్త్రీల విషయంలో మరికొన్ని నమ్మకాలు కూడా కలుస్తాయి. కాన్పు కాన్పుకూ పళ్ళలోని సున్నం బిడ్డకు పోతుందని, పై పన్ను పీకితే కంటిచూపు తగ్గుతుందని, గార తీయిస్తే పళ్ళు ఊగుతాయని పెద్దవాళ్ళు చెప్పగా విని పెరిగినవాళ్ళే ఎక్కువ. గర్భిణీ పళ్ళలోని కాల్షియం బిడ్డకు చేరదు. హార్మోన్ల ప్రభావంతో చిగుళ్ళు పాచికి ఎక్కువగా స్పందించి వాచి రక్తం కారుతాయి. ఆ దశలో శుభ్రం చేయిస్తే తగ్గిపోయే సమస్యను "బిడ్డ పుట్టాక చూద్దాం" అని వదిలేస్తారు. తరువాత చంటిబిడ్డ, ఆపైన పొలం పని, ఆపైన రెండో కాన్పు.

రోగి, ఆమె చెప్పిన బాధ

ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు. ముగ్గురు బిడ్డల తల్లి, కూలి పని చేస్తుంది. కింది ఎడమ దవడ వాచి, నిద్ర లేక వచ్చింది. తనంతట తానుగా చెప్పిన మాట ఒక్కటే, "అన్నీ పీకేయండి మేడం, ఒక్కసారితో వదిలిపోద్ది." భర్త వెంట వచ్చాడు గానీ బయటే నిలబడ్డాడు.

పరీక్షించినప్పుడు పై వరసలో ఆరు పళ్ళు, కింది వరసలో ఎనిమిది పళ్ళు మిగిలి ఉన్నాయి. పై పళ్ళన్నీ చిగుళ్ళ నుంచి బాగా బయటికి వచ్చి అన్ని వైపులా కదులుతున్నాయి. కింది ముందు పళ్ళు నాలుగూ గారతో ఒకే గోడలా అతుక్కుపోయి ఉన్నాయి. నాలుక కింద లాలాజలం వచ్చి పడే చోటు కనుక అక్కడ గార త్వరగా, దళసరిగా పేరుకుంటుంది. కింది కోరపళ్ళు రెండూ కొద్దిగా మాత్రమే కదులుతున్నాయి. ఎక్స్‌రేలో వాటి వేర్లకు సగానికి పైగా ఎముక ఆసరా ఉన్నట్టు కనిపించింది.

పై వరసలో పోయిన రెండు ముందు పళ్ళ చోట, సంతలో పళ్ళు కట్టే ఒకతను కొన్నేళ్ళ క్రితం "ఫిక్స్‌డ్ పళ్ళు" పెట్టాడు. పక్క పళ్ళ మెడలకు సన్నటి తీగ చుట్టి, ఆ తీగ మీద గులాబీ రంగు అక్రిలిక్ (ఒక రకం ప్లాస్టిక్) ముద్దను పోసి గట్టిపరిచాడు. తీసి కడుక్కోవడానికి వీలులేదు. దాని అంచు కింద చిగురు ఎర్రగా ఉబ్బి, పరికరం తాకగానే రక్తం వచ్చింది. డ్రిల్లుతో ముద్దను ముక్కలుగా కోసి తీసినప్పుడు దాని అడుగున ఏళ్ళుగా పేరుకున్న మెత్తటి పాచి, కూరలోని విత్తనాల తొక్కలు కనిపించాయి, చీము వాసన గదంతా వ్యాపించింది. ఆమె వెంటనే పైట కొంగుతో నోరు కప్పుకుని, ఇంట్లో తాను ఎవరికీ ఎదురుగా కూర్చుని మాట్లాడనని చెప్పింది. ఆ వాసన తన కడుపులోంచి వస్తోందని ఆమె అన్నాళ్ళూ అనుకుంది, దానికి గ్యాసు బిళ్ళలు కూడా వాడింది. ఆ ముద్దకు తీగ కట్టిన రెండు పళ్ళే మిగతా వాటికన్నా ఘోరంగా దెబ్బతిన్నాయి. ఇలాంటి పళ్ళు కట్టించుకున్నవాళ్ళను మేము తరచుగా చూస్తాం. తక్కువ ఖర్చుతో, ఒకే పూటలో ముందు పళ్ళ ఖాళీ కనపడకుండా పోతుంది కనుక కట్టించుకుంటారు. ఆ అవసరం నిజమైనదే కాబట్టి వారిని మందలించడం వల్ల ఉపయోగం లేదు.

కింది ఎడమ వైపు, పెదవికీ చిగురుకీ మధ్య పొగాకు కాడ పెట్టుకునే చోట ముడతలు పడిన తెల్లటి మచ్చ ఉంది. వేలి మొన నుంచి రక్తం తీసి చూస్తే షుగర్ చాలా ఎక్కువగా ఉంది. తనకు షుగర్ ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. తరువాత చేయించిన హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 9 శాతం దాటింది, హిమోగ్లోబిన్ కూడా బాగా తక్కువగా ఉంది.

మొదటి నిర్ణయం వెనుక ఆలోచన

ఆ రోజు చీము పట్టిన దవడ పన్నును తీసి, వాపు తగ్గడానికి మందులు ఇచ్చాము. చీము ఉన్నంతకాలం షుగర్ అదుపులోకి రావడం కష్టం కనుక, ఆ ఒక్క పన్ను విషయంలో షుగర్ తగ్గేదాకా ఆగలేదు. మిగిలిన పళ్ళ సంగతే ఆలోచించవలసి వచ్చింది.

అన్నీ తీసేయాలన్న ఆమె కోరికకు బలమైన కారణాలే ఉన్నాయి. రావలసిన సార్లు తగ్గుతాయి, ఖర్చు ముందే తెలుస్తుంది, మళ్ళీ మళ్ళీ నొప్పి రాదు. వైద్యపరంగా కూడా చాలా పళ్ళు నిలిచేవి కావు. నన్ను ఆపింది ఆమె వయసు. నలభై ఎనిమిదేళ్ళకు పూర్తి సెట్టు పెడితే, దానితో ఆమె పాతికేళ్ళో అంతకన్నా ఎక్కువో గడపాలి. పన్ను తీసిన చోట ఎముక అరగడం ఆగదు. టాల్‌గ్రెన్ 1972లో ప్రచురించిన దీర్ఘకాల అధ్యయనం ప్రకారం, సెట్టు పెట్టుకున్నవారిలో కింది దవడ ముందు భాగపు ఎముక పై దవడతో పోలిస్తే సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా అరుగుతుంది. పై సెట్టుకు అంగిలి అంతా ఆసరాగా ఉంటుంది. కింది సెట్టుకు దొరికే చోటు అందులో దాదాపు సగమే, దానికి తోడు నాలుక కదిలినప్పుడల్లా దాన్ని లేపుతుంటుంది. పై సెట్టు పెట్టుకుని కింది సెట్టును గూట్లో దాచిపెట్టే స్త్రీలను ఈ ఊళ్ళలో ఎందరినో చూశాను. నమలడానికి రెండూ కావాలి కనుక, వాళ్ళు కనపడటానికి మాత్రమే పళ్ళు పెట్టుకుంటున్నారు, తినేటప్పుడు తీసేస్తున్నారు.

కింది దవడలో రెండు ఇంప్లాంట్లు (ఎముకలో బిగించే కృత్రిమ వేర్లు) వేసి వాటి మీద సెట్టును నిలపడం కనీస ప్రమాణంగా ఉండాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు సూచించారు. ఆమె షుగర్ స్థాయి, ఆమె ఆదాయం ఆ దారిని మూసేశాయి. అయితే ఆ రెండు ఇంప్లాంట్లు వేయాలని చెప్పే చోటే, సరిగ్గా కోరపళ్ళ ప్రాంతంలోనే, ఆమెకు సొంత వేర్లు రెండు ఇంకా నిలిచి ఉన్నాయి. కింది కోరపళ్ళ వేర్లను ఉంచి వాటి పైన సెట్టు పెట్టినవారిని, అన్నీ తీయించుకున్నవారిని ఐదేళ్ళపాటు పోల్చిన క్రమ్, రూనీల 1978 నాటి అధ్యయనంలో, మొదటి బృందంలో కింది దవడ ముందు భాగపు ఎముక సగటున 0.6 మిల్లీమీటర్లు తగ్గితే, రెండో బృందంలో 5.2 మిల్లీమీటర్లు తగ్గింది. ఆ తేడా కింది సెట్టుతో తినగలగడానికీ తినలేకపోవడానికీ మధ్య ఉన్న తేడా.

ఏం చేశాము, ఏది నిలవలేదు

మొదట అనుకున్న ప్రణాళిక పుస్తకాల ప్రకారం సరైనదే. గార పూర్తిగా తీయడం, చిగుళ్ళ లోతుల్లో శుభ్రం చేయడం, పొగాకు మాన్పించడం, షుగర్ అదుపులోకి తేవడం, ఆ తరువాత ఏ పళ్ళు గట్టిపడతాయో చూసి మిగిలినవి తీయడం. చిగుళ్ళ వ్యాధికి చికిత్స చేస్తే మధుమేహం ఉన్నవారిలో కొన్ని నెలల తరువాత హెచ్‌బీఏ1సీ సుమారు 0.4 శాతం పాయింట్లు తగ్గుతుందని పరిశోధనలు చూపిస్తున్నాయి కాబట్టి, రెండు వైద్యాలూ ఒకదానికొకటి తోడ్పడతాయన్న ఆశ కూడా ఉంది.

గార తీసిన తరువాత ఆమె రావడం మానేసింది. కొన్ని నెలలు గడిచాక కుడి వైపు వాపుతో మళ్ళీ వచ్చినప్పుడు, ముందుగా అడగకుండానే కారణం చెప్పింది. "మీరు కడిగినాకనే నా పళ్ళు ఊగినాయి మేడం. మా వీధిలో అందరూ అదే అన్నారు." ఆమె అనుభవంలో అది నిజమే. పళ్ళను అతికి పట్టుకున్న గార పోయింది, అప్పటిదాకా దాగిన కదలిక బయటపడింది, పళ్ళ మధ్య సందులు కనిపించాయి, చల్లటి నీళ్ళు జివ్వుమన్నాయి. ముందే ఈ మార్పుల గురించి చెప్పినా, నొప్పితో కూర్చున్న మనిషికి చెప్పిన మాటలు ఇంటికి వెళ్ళేసరికి మిగలవు. ఈసారి ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, మట్టి కొట్టుకుపోయిన పందిరి రాటకు బురద మెత్తితే అది గట్టిపడినట్టు కనిపించినా లోపల నిలబెట్టే మట్టి లేనట్టే, గార పళ్ళను పట్టుకున్నట్టు కనిపించినా ఎముకను తినేసిందని చెప్పాను. ఆమె ఎక్స్‌రే మీద వేలు పెట్టి, కోరపళ్ళ దగ్గర ఎముక ఎత్తుగా ఉండటాన్ని తానే గుర్తించి "ఇవి బాగున్నాయిగా" అంది. తరువాత చేసిన వైద్యానికి ఆమె ఒప్పుకోవడం వెనుక నా వివరణ కన్నా ఆమె కళ్ళతో చూసిన ఆ గీత ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం.

ఆ ప్రణాళిక నిలవకపోవడానికి నమ్మకం ఒక్కటే కారణం కాదు. అది ఎన్నోసార్లు రావలసిన వైద్యం, పైగా పొగాకు పనుల నెలల్లో పడింది. ప్రతిసారీ బస్సు చార్జీకి, ఫీజుకు భర్తను అడగాలి, అడిగిన ప్రతిసారీ "ఊడే పళ్ళకు ఎంత పెడతావు" అన్న మాట పడాలి. పొగాకు మానమన్న సలహా కూడా అలాగే వీగిపోయింది. ఆమె కాడ పెట్టుకునేది పంటి నొప్పి తెలియకుండా ఉండటానికి, పనిలో ఆకలి చంపుకోవడానికి. నొప్పి, ఆకలి అలాగే ఉంచి పొగాకును మాత్రం తీసేయమనడం నడిచే పని కాదు.

ఆమెను అడిగి తెలుసుకున్నవి

రెండోసారి పళ్ళను చూడటానికి ముందు ఆమె రోజును గురించి అడిగాను. పొద్దున సద్దన్నంలో మజ్జిగ పోసుకుని తాగినట్టుగా తింటుంది. మధ్యాహ్నం అన్నాన్ని పప్పుచారుతో గుజ్జుగా పిసికి మింగుతుంది. రాత్రి మళ్ళీ అన్నమే. ఆకుకూరలు నార తగులుతాయని మానేసింది, మాంసం వండినా పులుసు వరకే, శనక్కాయలు తిని ఎన్నో ఏళ్ళైంది. పనిలో నీరసం వస్తే టీలో రెండు చెంచాల పంచదార, బన్ను. హిమోగ్లోబిన్ తక్కువగా ఉండటానికీ, షుగర్ ఎక్కువగా ఉండటానికీ ఈ తిండి కూడా కారణమే. షుగర్ వైద్యుడు "అన్నం తగ్గించి కూరలు, గుగ్గిళ్ళు తినమ్మా" అని చీటీ రాసి ఇస్తే, నమలలేని మనిషి ఆ చీటీని ఏం చేసుకుంటుంది? మధుమేహ రోగుల ఆహార సలహాలో నోటి పరీక్ష భాగం కావాలని నేను గట్టిగా నమ్మడానికి ఈ కేసు ఒక కారణం.

ఆమె అసలు కోరికలు కూడా అప్పుడే తెలిశాయి. ఇంట్లో ఒక శుభకార్యం దగ్గరపడుతోంది. ఆ రోజుకు ముందు పళ్ళు ఉండాలి, మధ్యలో ఒక్క రోజు కూడా బోసినోటితో బయటికి రాకూడదు. శనక్కాయలు నమలాలని ఉంది. డబ్బు కోసం భర్తను మళ్ళీ అడగడం ఇష్టం లేదు. పొదుపు సంఘంలో తన పేరు మీద అప్పు పుడుతుంది, అది తన చేతిలోని డబ్బు. పొదుపు సంఘాలు ఎంతో బలంగా వేళ్ళూనిన జిల్లా నెల్లూరు. మా ఊళ్ళ స్త్రీలు తమకోసం ఖర్చు పెట్టుకునే డబ్బు చాలాసార్లు ఈ అప్పుల రూపంలోనే వస్తుంది. వైద్యపు ఖర్చును ఒక్కసారిగా చెప్పి బేరమాడే బదులు, అప్పు వచ్చే తేదీని, వాయిదాలను అడిగి దానికి తగ్గట్టు దశలను అమర్చడం ఎంతో మేలని ఇక్కడ తేలింది.

ఏది పనిచేసింది

కొత్త ప్రణాళికలో పళ్ళన్నిటినీ కాపాడాలన్న ఆలోచనను వదిలేశాము. రెండు కింది కోరపళ్ళ చుట్టూ మాత్రమే శ్రద్ధ పెట్టి, మిగిలినవాటి విషయంలో ఆమె కోరిక ప్రకారమే తీసేయడానికి సిద్ధపడ్డాము. ఇది చాలామంది దంతవైద్యులకు ఒప్పుకోవడం కష్టమైన విషయం. నిలబెట్టగల పన్నును తీయకూడదన్నది మనం నేర్చుకున్న మొదటి పాఠం. కింది ప్రీమోలార్ (కోరపన్ను వెనకుండే చిన్న దవడ పన్ను) ఒకటి ఎన్నోసార్లు శుభ్రం చేయిస్తే నిలబడి ఉండేదేమో. కానీ ఎన్నోసార్లు రాలేని మనిషికి అలాంటి పన్ను ఒక హామీ కాదు, మరో వాపు. రాగలిగిన కొద్దిసార్లనూ ఎక్కువ ప్రయోజనం ఇచ్చే రెండు వేర్ల మీద ఖర్చు చేయడమే న్యాయమనిపించింది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారితో మాట్లాడి షుగర్ మందులు, ఐరన్ బిళ్ళలు అక్కడే అందేలా చూశాము. ఊరి ఆశా కార్యకర్త మందుల విషయం గుర్తుచేసే బాధ్యత తీసుకున్నారు. ముప్పై ఏళ్ళు దాటినవారికి బీపీ, షుగర్‌తో పాటు నోటి క్యాన్సర్ పరీక్ష కూడా ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది కనుక, తెల్ల మచ్చను ఆ నమోదులో చేర్పించి, దగ్గరి డెంటల్ కళాశాలలో ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించాము. క్యాన్సర్‌కు దారితీసే మార్పులు లేవని వచ్చింది. ముందు దాని ఫలితం చూశాకే సెట్టు పని మొదలుపెట్టాలని పట్టుబట్టాను. సెట్టు అంచు ఆ మచ్చ మీదే ఒరుసుకుంటుంది, దాని స్వభావం తెలియకుండా పైన అక్రిలిక్ కప్పడం సరికాదు.

షుగర్ తగ్గుముఖం పట్టాక, పనులు సన్నగిల్లిన వారాల్లో దశలవారీగా పళ్ళు తీశాము. బోసినోటి రోజు ఉండకూడదన్న ఆమె షరతును చికిత్సలో భాగంగానే తీసుకున్నాము. పైన వెనక పళ్ళు ముందు తీసి ఆ గాయాలు మానాక అచ్చులు తీసుకుని, ముందు పళ్ళు తీసిన రోజునే పై సెట్టును నోట్లో పెట్టాము. ఇలా చేస్తే చిగురు కుదించుకుపోయే కొద్దీ సెట్టు వదులవుతుంది, కొన్ని నెలల తరువాత లోపలి వైపు మళ్ళీ నింపించుకోవాలి, దానికి అదనపు ఖర్చు ఉంటుంది. ఆ సంగతి ముందే ఆమెకూ, ఆమె కోడలికీ చెప్పాము. పీకించుకుని మానేదాకా ఆగితే మెరుగైన సెట్టు వచ్చేది, కానీ ఆగమంటే ఆమె మళ్ళీ సంతలో పళ్ళు కట్టే మనిషి దగ్గరికే వెళ్ళి ఉండేది.

కింది కోరపళ్ళు రెండింటికీ రూట్ కెనాల్ చేసి, చిగురు పైన రెండు మిల్లీమీటర్లు మాత్రమే మిగిలేలా గుండ్రంగా కోసి, రంధ్రాన్ని సిమెంటుతో మూశాము. పొడవు తగ్గేసరికి పన్ను మీద పడే ఊపు కూడా తగ్గింది. కొద్దిగా కదిలే ఆ రెండూ కొన్ని వారాల్లో గట్టిపడ్డాయి. కింది సెట్టు ఆ రెండు మొదళ్ళ మీద కూర్చుంటుంది. సొంత వేరు చుట్టూ ఉండే పొర వల్ల ఎంత గట్టిగా కొరుకుతున్నామో తెలుస్తుంది. వేరు లేని బోసి చిగురు మీద కూర్చున్న సెట్టుకు ఆ స్పర్శ ఉండదు.

నమలడం నేర్పడానికి ఓపిక కావాలి. మొదట మెత్తటి ఇడ్లీ ముక్కలు, రెండు వైపులా సమానంగా పెట్టుకుని. తరువాత ఉడికించిన చిక్కుడు, గుడ్డు. ఏళ్ళుగా ముందు పళ్ళతో, చిగుళ్ళతో నలిపి మింగిన అలవాటు వల్ల ఆమె నాలుక ముద్దను వెంటనే గొంతు వైపు తోసేది. పుండు పడిన చోట్లను రెండు మూడు సార్లు సరిచేశాము. చివరికి ఒక రోజు కొంగున కట్టుకొచ్చిన ఉడకబెట్టిన శనక్కాయలను నా ఎదురుగా తిని చూపించి, ఒక వైపు ఎక్కువగా ఒత్తుతోందని తానే చెప్పి సరిచేయించుకుంది.

ఫ్లోరైడ్ పేస్టు దగ్గర మాత్రం పెద్ద చిక్కు వచ్చింది. మిగిలిన రెండు మొదళ్ళు పుచ్చిపోతే ఇంత పనీ వృథా అవుతుంది కనుక, వెయ్యి పీపీఎం (పది లక్షల వంతుల్లో వెయ్యి వంతులు) దాటిన ఫ్లోరైడ్ పేస్టుతో వాటిని రోజూ రుద్దమన్నాను. ఆమె కోడలు సూటిగా అడిగింది, "ఫ్లోరైడ్ నీళ్ళతోనే అందరి పళ్ళూ ఇట్టా అయినాయి, మళ్ళీ ఫ్లోరైడే పూయమంటారా?" ఎంతో సబబైన ప్రశ్న. చిన్నతనంలో పన్ను తయారయ్యే వేళ నీళ్ళతో లోపలికి పోయిన ఎక్కువ ఫ్లోరైడ్ చేసే హాని వేరు, తయారైపోయిన పంటి పైన పూసి ఉమ్మేసే కొద్దిపాటి ఫ్లోరైడ్ చేసే మేలు వేరు అని చెప్పాను. తాగే నీళ్ళు క్యానుల నీళ్ళా, బోరు నీళ్ళా అని కూడా అడిగి, ఇంట్లోని చిన్నపిల్లలకు బోరు నీళ్ళు తాగించవద్దనీ, వాళ్ళ బ్రష్షు మీద బియ్యపు గింజంత పేస్టే పెట్టి పెద్దవాళ్ళు దగ్గరుండి ఉమ్మించాలనీ కూర్చోబెట్టి చెప్పాను. మన ప్రాంతంలో ఫ్లోరైడ్ పేస్టు రాసిచ్చే దంతవైద్యులు ఈ రెండింటి తేడాను విడమరచి చెప్పకపోతే, రోగి తలూపి వెళ్ళి పిడకల బూడిదతోనే తోముకుంటారు. ఆ గరుకు బూడిద మిగిలిన మొదళ్ళను అరగదీస్తుంది.

పొగాకు పూర్తిగా మానలేదు. పంటి నొప్పి పోయాక, పొద్దున కడుపు నిండా తినగలిగాక కాడ పెట్టుకోవడం బాగా తగ్గింది. సెట్టు అంచు కింద కాడ ఇరుక్కుని మంట పుట్టిస్తోందని చెప్పి, పని రోజుల్లో ఒక్కసారికి తగ్గించింది. తెల్ల మచ్చ పలచబడింది, అయినా ప్రతి రాకడలోనూ దాన్ని కొలిచి కార్డులో రాస్తున్నాము.

ఆ తరువాత

ఈ కేసు నుంచి మా క్లినిక్కులో నిలిచిన మార్పులు కొన్ని ఉన్నాయి. "అన్నీ పీకేయండి" అన్న ప్రతి రోగి కింది కోరపళ్ళను మిగతావాటి నుంచి విడిగా పరీక్షించి, విడిగా ఎక్స్‌రే తీసి, విడిగా నిర్ణయిస్తున్నాము. ఎన్నిసార్లు రాగలరు, ఏ నెలల్లో పని తక్కువ, డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, పొద్దున ఏం తిన్నారు అన్న ప్రశ్నలు నొప్పి ఎక్కడ అన్న ప్రశ్నకు పక్కనే చేరాయి. గార తీయించుకోబోయేవారికి ఆ తరువాత పళ్ళు ఎలా అనిపిస్తాయో ముందు రోజే, వీలైతే ఇంట్లో మరొకరు ఉండగా చెబుతున్నాము. ఆమె కోడలు గర్భిణిగా ఉన్నప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని ఐదో నెలలో తానే వచ్చి శుభ్రం చేయించుకుంది. గర్భధారణలో దంతవైద్యానికి నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కాలం అనువైనది. అత్తగారే పంపించారని చెప్పింది.

రోగికి ఇప్పుడు షుగర్ మందులతో అదుపులో ఉంది, హిమోగ్లోబిన్ పెరిగింది. పై సెట్టును అనుకున్నట్టే ఒకసారి లోపల నింపి సరిచేశాము. రాత్రి పూట సెట్లు తీసి మామూలు నీళ్ళలో వేయమంటే మొదట్లో ఇంట్లోవాళ్ళు చూస్తారని తీసేది కాదు, అంగిలి ఎర్రబడి ఫంగస్ వచ్చాక ఒప్పుకుంది. కుడి కోరపన్ను మొదలు అంచున పుచ్చు మొదలైతే వెంటనే తీసి సిమెంటు పెట్టాము. ఆ మొదలు పదేళ్ళు నిలవవచ్చు, అంతకన్నా ముందే పోవచ్చు. అందుకే కింది సెట్టును చేయించేటప్పుడే, ఒక వేరు పోయినా కొత్త సెట్టు అవసరం లేకుండా ఆ గుంటను అక్రిలిక్‌తో పూడ్చి అదే సెట్టును వాడుకునేలా దళసరిగా చేయించాము. పూడ్చడానికి అయ్యే ఖర్చు ఎంతో ఇప్పుడే ఆమె కార్డు వెనక రాసి ఇచ్చాము.